తొంభై తొమ్మిది దగ్గర ఆపేసిన లాయరు

తెల్ల ఫ్లానెల్ ప్యాంటు మీద పచ్చిక మరక పడితే పోదు. సబ్బు పెట్టండి, మజ్జిగలో నానబెట్టండి, ఎండలో ఆరేసి బతిమాలండి, పోదు. మోకాలి దగ్గర ఒకటి, నడుం వెనక ఒకటి. నడుం వెనక ఎలా పడుతుందో నాకిప్పటికీ అర్థం కాదు. క్రికెట్ నిలబడి ఆడే ఆటని విన్నాను. మే నుంచి సెప్టెంబరు దాకా ప్రతి సోమవారం మా పెరటి తీగ మీద నాలుగు జతలు వేలాడేవి. అటుగా వెళ్ళేవాళ్ళు మా ఇంట్లో నలుగురు మగవాళ్ళున్నారనుకునేవారు. ఉన్నది ఒక్కరే. ఆయన కూడా వేసవిలో ఇంట్లో ఉండరు.

ఆయన నా భర్త, అంబ్రోజ్ పెన్‌ఫోల్డ్, బారిస్టరు. మా మార్ల్‌హామ్‌లో ఆయన గురించి ఎవరినడిగినా "ఆఫ్ సైడు భలే కొడతారండీ" అంటారు. కాసేపు ఆలోచించి, "కోర్టులో కూడా ఏదో చేస్తారట" అంటారు. ఆటకి ఆయన కూలి తీసుకోరు, పెద్దమనిషి కాబట్టి. కోర్టులో కూడా పెద్దగా తీసుకునేవారు కాదు, ఎవరూ ఇచ్చేవారు కాదు కాబట్టి. ఇరవై ఏళ్ళుగా జిల్లా జట్టుకి ఆడుతున్నా ఒక్క సెంచరీ లేదు. ఒకసారి తొంభై ఒకటి, ఒకసారి తొంభై నాలుగు, ఒకసారి తొంభై ఆరు దగ్గర వాన. ఆ వాన గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు.

ఆయనకి రోజూ సాయంత్రం మా పెరట్లో బంతులు వేసేది జోబ్ సాలిస్. బూట్లు కుడతాడు. వెనక గేటులోంచి వచ్చి, గంటసేపు చెమటలు కక్కేలా బంతులు వేసి, వెనక గేటులోంచే వెళ్ళిపోతాడు. ఇద్దరిదీ ఒకే జట్టు. స్కోరు కాగితంలో ఆయన "మిస్టర్ ఎ. పెన్‌ఫోల్డ్", కూలికి ఆడే జోబ్ ఉత్తి "సాలిస్". ఒకే వానలో తడుస్తారు, వేరే వేరే గదుల్లో ఆరబెట్టుకుంటారు. జోబ్ భార్య టాబితా మా బట్టలు ఉతికేది. అంటే మొగుడు వేసిన బంతులకి మా ఆయన పడితే, ఆ మరక పెళ్ళాం ఉతకాలి. ఇంతకంటే పకడ్బందీగా నడిచే సంసారాలు నేను చూడలేదు.

పద్దెనిమిది వందల డెబ్భై నాలుగు, ఈ ఏటి వేసవి అది. జూన్ ఆఖర్లో రైతు గాడ్స్‌బీ గారి గడ్డివాము తగలబడింది. అంతకు వారం ముందే ఒక జత బూట్ల దగ్గర జోబ్‌కీ గాడ్స్‌బీకీ మాటా మాటా పెరిగింది. గాడ్స్‌బీ దగ్గర బండి తోలే ఈనక్ పెల్, ఆ మునిమాపు వేళ జోబ్ వాము దగ్గర్నుంచి పారిపోతుంటే రెండు వందల గజాల దూరం నుంచి మొహం చూశానన్నాడు. జోబ్‌ని జైల్లో పెట్టారు. జూలైలో లండన్ నుంచి జడ్జి వచ్చి కోర్టు పెట్టేదాకా అక్కడే. నేరం రుజువైతే ఏడేళ్ళకి తక్కువ పడదన్నారు.

మా చట్టంలో ముద్దాయికి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. ఊరంతా చెప్పొచ్చు, వాడొక్కడు చెప్పకూడదు. లాయరే వాడి నోరు. జోబ్‌కి మా ఆయన నోరయ్యారు.

"ఒకే ఒక్క ప్రశ్న చాలు లిడియా," అన్నారు టోస్టు మీద మార్మలేడు రాసుకుంటూ. "ఆ ఈనక్ పెల్ శనివారం ఆటలకి అంపైరుగా నిలబడతాడా లేదా? వాడికి ఇరవై రెండు గజాల అవతల వికెట్లున్నాయో ఊడాయో తెలీదు. పోయిన నెల నన్ను అవుటన్నాడు. నేను అప్పటికి బ్యాటింగుకే దిగలేదు."

"అయితే ఏమని అడుగుతారు?"

"కోర్టు వెనక గోడకి గడియారం ఉంది. 'అయ్యా పెల్ గారూ, టైమెంతయిందో చెప్పండి' అంటాను. అంతే. మెల్లకన్నేసి చూస్తాడు, చెప్పలేడు. జ్యూరీవాళ్ళు నవ్వుతారు. సాలిస్ ఇంటికెళ్ళిపోతాడు."

వారం రోజులు మా బల్ల మీద ఈ నాటకమే. నేను ఈనక్ పెల్‌ని. టీ కెటిల్ జడ్జిగారు. బాగా ఆడేవాళ్ళం. కెటిల్ ప్రతిసారీ మా పక్షానే తీర్పిచ్చింది.

తీరా కోర్టు వారమే క్రికెట్ వారం కూడా అయింది. అది మా జిల్లాలో ప్రతి ఏడూ అంతే. పెద్దమనుషులు ఊళ్ళోకొచ్చేది ఒకేసారి కాబట్టి ఉరిశిక్షలూ, విందులూ, మ్యాచులూ ఒకే వారంలో పెట్టుకుంటారు. మంగళవారం సాయంత్రం ఆట ఆగేసరికి ఆయన అరవై ఒక్క పరుగులతో నాటవుట్. బుధవారం కోర్టులో జోబ్ కేసు. కాకపోతే దాని ముందు గుర్రాల మోసం కేసొకటి ఉంది. అది సాయంత్రం దాకా లాగుతుందని అందరూ అన్నారు.

"నువ్వు పొద్దున్నే వెళ్ళి కోర్టులో కూర్చో," అన్నారు. "గుర్రాల కేసు తేలిపోయేటట్టుంటే మైదానానికి వచ్చి, నాకెదురుగా నిలబడి నీ ఎర్ర గొడుగు తెరువు. నేను వెంటనే వచ్చేస్తాను. విగ్గూ, గౌనూ, నల్ల ప్యాంటూ సంచిలో సర్దుకుని వెళ్తున్నా."

"వెంటనే అంటే?"

"వెంటనే అంటే వెంటనే."

"సెంచరీ దగ్గర్లో ఉంటే?"

"లిడియా! నేను లాయర్ని."

"అందుకే అడుగుతున్నాను."

ఆయన నొచ్చుకున్నారు. నేను గొడుగు తీసుకుని బయల్దేరాను. వెనక గేటు దగ్గర టాబితా నిలబడి ఉంది. రాత్రంతా నిద్ర లేనట్టుంది మొహం.

"అమ్మగారూ, బాబుగారికి ఇవాళ ఆట ఉందంట కదండీ?"

"ఉంది. కానీ వస్తారు."

"ఆట మధ్యలోంచా అండీ?"

"నేనున్నానుగా టాబితా. నేనే తీసుకొస్తాను."

ఆ మాట ఎందుకన్నానో! మగవాడి తరఫున ఆడది మాటివ్వడం మా ఇంట్లో మామూలే. ఆయన రానన్న విందులకి ఎన్నిసార్లు వస్తారని చెప్పలేదు! ఇదీ అలాంటిదే అనుకున్నాను.

పదకొండున్నరకి గుర్రాల వాడు హఠాత్తుగా లేచి "నేనే చేశాను మహాప్రభో" అన్నాడు. లాయర్లందరూ వాణ్ని అసహ్యంగా చూశారు. గుమాస్తా జోబ్ పేరు పిలిచాడు. జోబ్‌కి మా ఆయన్ని కుదిర్చిన అటార్నీ నావైపు తిరిగి, రెండు చేతులతోనూ వెళ్ళమని సైగ చేశాడు. అటార్నీకి ఆ కోర్టులో నోరు తెరిచే హక్కు లేదు, బారిస్టర్లకే ఉంది.

కోర్టు నుంచి మైదానానికి మర్యాదగా నడిస్తే పావుగంట. నేను మర్యాదగా నడవలేదు. వీధి మలుపు తిరిగాక చర్చి వెనక సమాధుల మధ్య అడ్డదారి ఉంది. అటూ ఇటూ చూసి, పావడాలు రెండు చేతులతో మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని పరిగెత్తాను. ముప్పై ఎనిమిదేళ్ళ బారిస్టరు భార్యని, నడుం ఊపిరాడకుండా బిగించి కట్టుకున్న దాన్ని, గుర్రంలా పరిగెత్తాను. చూసినవాళ్ళు లేరు. అక్కడున్నవాళ్ళందరూ పైకి చూసే స్థితిలో లేరు.

మైదానం చేరేసరికి చర్చి గడియారం పన్నెండుకి ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది. బోర్డు మీద ఆయన పేరు కింద ఎనభై ఎనిమిది. బళ్ళ వరస ముందుకెళ్ళి, ఆయనకి సరిగ్గా ఎదురుగా నిలబడి గొడుగు తెరిచాను.

ఆయన చూశారు.

ఓవరు మారుతోంది. చేతిరుమాలుతో నుదురు తుడుచుకుంటూ తిన్నగా నావైపు చూశారు. నన్ను చూశారు, గొడుగు చూశారు. రుమాలు జేబులో పెట్టుకున్నారు. బ్యాటు కొసతో క్రీజు మీద రెండుసార్లు కొట్టి, వంగి నిలబడ్డారు.

"ఎండ లేదుగా మిసెస్ పెన్‌ఫోల్డ్, గొడుగెందుకూ?" అంది పక్క కుర్చీలోంచి కర్నల్ బ్యూలీ గారి భార్య. నిజమే, పొద్దుట్నుంచీ మబ్బు. "కూర్చోండి. దోసకాయ శాండ్‌విచ్ తీసుకోండి. అదేమిటీ, అంత ఎర్రబడ్డారు?"

"మబ్బు పడితే నాకంతేనండి."

తొంభై. మళ్ళీ ఓవరు మారింది. ఆయన ఈసారి నావైపు చూడలేదు. చూడకపోవడంలో కూడా రకాలుంటాయి. పెళ్ళై పదిహేనేళ్ళయినవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. గొడుగు ఇంకాస్త పైకెత్తాను. కేకెయ్యొచ్చు, కానీ ఆడవాళ్ళు కేకెయ్యరు. మైదానంలోకి నడిచి వెళ్ళొచ్చు, కానీ అలా వెళ్ళిన ఆడదాని గురించి తర్వాత పదేళ్ళు చెప్పుకుంటారు. అక్కడే నిలబడ్డాను. తొంభై మూడు. తొంభై నాలుగు. జ్యూరీతో ప్రమాణాలు చేయించేసి ఉంటారు. తొంభై ఏడు. ఈనక్ పెల్ బోనెక్కి ఉంటాడు. వరసగా ఎనిమిది బంతులు పరుగు లేదు. ఆయన చెమటతో తడిసిపోయారు, నేనూ తడిసిపోయాను.

"ఇవాళ కొడతారు చూడండి," అంది మిసెస్ బ్యూలీ నా చెయ్యి పట్టుకుని. "మీకెంత గర్వంగా ఉండాలి!"

తొంభై తొమ్మిది. చర్చి గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

నేను గొడుగు మూసేశాను. అలా చేద్దామని అనుకోలేదు. చెయ్యి దానంతటదే మూసింది. శాండ్‌విచ్ కుర్చీ మీద పెట్టి, వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాను.

పది అడుగులు వేశానో లేదో మైదానమంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. తిరిగి చూస్తే ఆయన బ్యాటు చంకలో పెట్టుకుని నడిచి వస్తున్నారు. అవతలి కెప్టెన్ వెంటపడ్డాడు.

"ఒక్క పరుగే కదండీ! కొట్టేసి వెళ్ళండి."

"నా క్లయింటు ఎదురుచూస్తున్నాడు," అన్నారు ఆయన. గొంతు బాగా పెట్టారు. కోర్టులో ఎప్పుడూ అంత బాగా పెట్టలేదు.

మైదానంలో పదకొండు మందీ టోపీలు తీశారు. మిసెస్ బ్యూలీ ఏడ్చేసింది.

నల్ల ప్యాంటు మార్చుకునే వ్యవధి లేదు. విగ్గు పెట్టుకుని, ఫ్లానెల్ మీదే గౌను తగిలించుకుని, ప్యాంటున్న సంచి మైదానంలోనే వదిలేసి కోర్టులోకి వెళ్ళారు. నేను గ్యాలరీలో నా చోటికి చేరాను. బోనులో జోబ్ మా ఆయన్ని చూసి, దేవుడొచ్చినట్టు ఊపిరి వదిలాడు.

"మై లార్డ్, ముద్దాయి తరఫున—"

జడ్జి వారెండర్ గారు డెబ్భై దాటిన మనిషి. కోర్టులో లాయర్లు నల్లవే వేసుకోవాలని ఆయన పట్టు. ఆయన మెల్లగా తలెత్తి, మా ఆయన వెనకున్న గోడని చూశారు.

"ఎవరిదో గొంతు వినిపిస్తోంది," అన్నారు. "మనిషి మాత్రం కనపడటం లేదు."

బారిస్టర్లకి ఆ మాట చాలు. బట్టలు సరిగ్గా లేని లాయరు ఆ కోర్టులో లేనట్టే లెక్క. మా ఆయన కిందకి చూసుకున్నారు. గౌను కింద రెండు తెల్లటి కాళ్ళు, మోకాలి దగ్గర పచ్చటి మరక.

లాయర్లెవరూ ప్యాంటిచ్చే స్థితిలో లేరు. ఇస్తే వాళ్ళు మాయమైపోతారు. జడ్జి పక్కన కూర్చునే పాదిరీ ఓట్స్ గారు మాత్రం, మెడ నుంచి పాదాల దాకా నల్లటి అంగీ కాబట్టి, కాసేపాలోచించి, లేచి, మా ఆయనకి సైగ చేసి లోపలి గదిలోకి నడిచారు. పది నిమిషాల తర్వాత ఇద్దరూ వచ్చారు. ఓట్స్ గారు పొట్టి, లావు. ప్యాంటు మా ఆయనకి పిక్కల దాకే వచ్చింది. నడుం దగ్గర తెర తాడుతో బిగించారు. ఓట్స్ గారు చిన్న చిన్న అడుగులేస్తూ వెళ్ళి, మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చున్నారు. అంత భక్తిగా ఆయన ఎప్పుడూ కూర్చోలేదట.

"ఆహా, మిస్టర్ పెన్‌ఫోల్డ్," అన్నారు జడ్జి. "ఎప్పుడొచ్చారు?"

కోర్టంతా నవ్వింది. జోబ్ కూడా నవ్వాడు.

"మై లార్డ్, సాక్షి ఈనక్ పెల్‌ని పిలిపించి ఒక్క ప్రశ్న అడగడానికి—"

"అతని సాక్ష్యం పన్నెండింటికే అయిపోయింది. ముద్దాయి తరఫున ఏమైనా అడుగుతారా అని అడిగాను. ఎవరూ లేరు. గడ్డి కోత ఉందంటే పంపించేశాను. ఈపాటికి ఏ పొలంలో ఉన్నాడో!"

మా ఆయన జ్యూరీ వైపు తిరిగి, పెల్‌కి చూపు ఆనదని, తనకి స్వయంగా తెలుసని మొదలుపెట్టారు.

"మీరు లాయరా, సాక్షా మిస్టర్ పెన్‌ఫోల్డ్?" అన్నారు జడ్జి. "మీకు తెలిసింది జ్యూరీకి అక్కర్లేదు. సాక్షి నోటి వెంట వచ్చిందే కావాలి."

వెనక గోడ మీద గడియారం టకటకా కొట్టుకుంటోంది. దాన్ని ఎవరూ చూడలేదు.

జ్యూరీ పావుగంటలో తేల్చింది. నేరస్తుడే, కాస్త దయ చూపమన్నారు. ఈలోగా మైదానం కబురు జడ్జిగారి దాకా పాకింది. ఒక పెద్దమనిషి తొంభై తొమ్మిది దగ్గర వదిలేసి వచ్చాడంటే ఈ ముద్దాయిలో ఏదో మంచి ఉండే ఉండాలని ఆయన అన్నారు. ఏడేళ్ళు పడాల్సిన చోట మూడు నెలల కఠిన శిక్ష వేశారు.

కిందకి తీసుకెళ్తుంటే జోబ్ మా ఆయన ముందు ఆగాడు.

"ఎంత కొట్టారు బాబుగారూ?"

"తొంభై తొమ్మిది, సాలిస్."

"అయ్యో, నా మూలంగానా బాబూ!" అన్నాడు జోబ్.

మా ఆయన విగ్గు సర్దుకున్నారు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర మటన్ చల్లారిపోతోంది.

"సాలిస్ అదృష్టవంతుడు," అన్నారు. "మూడు నెలలంటే ఏముంది?"

"గొడుగు ఎప్పుడు చూశారు?"

"ఏ గొడుగు?"

"ఎర్రది."

"నువ్వు మూసినప్పుడు."

"మూసినప్పుడు మూసిందని తెలిసిందంటే, అంతకు ముందు తెరిచి ఉందని తెలుసన్నమాట."

"సూర్యుడు కళ్ళలో పడుతున్నాడు లిడియా."

"ఇవాళ సూర్యుడు లేడండీ."

"ఇలాంటి ప్రశ్నలు కోర్టులో ఒప్పుకోరు."

"ఇది భోజనాల గది."

ఆయన బంగాళాదుంప ఒకటి తీసుకుని, దాన్ని చాలాసేపు కోశారు.

తర్వాత ఊరు మారిపోయింది. పేపర్లో వేశారు. అటార్నీలు ఎదురొచ్చి కేసులివ్వడం మొదలుపెట్టారు. ఆగస్టులో మూడు, సెప్టెంబరులో ఐదు. ముందు గదికి ఊదారంగు మఖమలు తెరలు వచ్చాయి. వచ్చినవాళ్ళందరికీ ప్యాంటు కథ కావాలి. ఆయన పాదిరీ నడక నడిచి చూపించేవారు. అందరూ నవ్వాక ఎవరో ఒకరు, "అయితే ఆ సాక్షి దొరక్కపోవడం దురదృష్టమే" అనేవారు. అప్పుడు ఆయన నావైపు ఆప్యాయంగా చూసి, "లిడియా చెయ్యగలిగింది చేసింది. కబురు అందేసరికే ఆలస్యమైంది," అనేవారు.

"పాపం, మనం మెల్లగానే కదా నడుస్తాం," అనేది మిసెస్ బ్యూలీ నా మోకాలు తట్టి.

నేను టీ పోసేదాన్ని.

అలాంటి ఒక రోజునే టాబితా ఉతికిన బట్టలు తెచ్చింది. వంటింటి గుమ్మంలో బుట్ట దించి, ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంది.

"అమ్మగారూ, ఒక్క మాట అడుగుతాను, తిట్టకండి. ఆ రోజు మీరు ఇంకాస్త బిరబిరా నడిచుంటే మా ఆయన ఇంట్లో ఉండేవాడంట. అందరూ అంటన్నారు. నిజమేనా అండీ?"

"టాబితా, నేను ఆ రోజు—"

పక్క గదిలో మిసెస్ బ్యూలీ నవ్వుతోంది. తలుపు తీసే ఉంది. పరిగెత్తానన్న మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. చర్చి సమాధుల మధ్య పావడాలెత్తి పరిగెత్తిన బారిస్టరు భార్య! తెరలు కొత్తవి కూడాను.

"మీరే తీసుకొస్తానన్నారు కదండీ," అంది టాబితా. కోపంగా అనలేదు. బుట్ట ఖాళీ చేసుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మా ఇంటికి రాలేదు.

ఆయన మాత్రం ఆ కోర్టు రోజు నుంచి పెరట్లో బ్యాటు పట్టలేదు. ఎందుకని అడిగితే, బంతి వేసేవాడు లేడుగా అన్నారు. అని, ఆ ఖాళీ పెరట్లోకే చూస్తూ నిలబడ్డారు. ఆయన రాతి మనిషి కాదు. రాతి మనిషైతే నాకింత ఇబ్బంది ఉండేది కాదు.

జోబ్ మొన్న విడుదలై వచ్చాడు. సగం మనిషయ్యాడు. వచ్చీ రాగానే వెనక గేటు దగ్గరికొచ్చి, టోపీ తీసి, "బాబుగారు నా కోసం సెంచరీ వదులుకున్నారు. నేను చచ్చేదాకా మర్చిపోను," అని చెప్పి వెళ్ళాడు. ఈ శనివారం క్లబ్బు వాళ్ళ విందు. ఆయనకి వెండి కప్పు ఇస్తారు. దాని మీద చెక్కించే మాటలు కూడా అయిపోయాయి: "పేదవాడి కోసం తొంభై తొమ్మిది దగ్గర ఆగిన పెద్దమనిషికి." కప్పు నా చేత్తో ఇప్పించాలని కార్యదర్శి కోరిక.

"రెండు ముక్కలు మాట్లాడండి మేడమ్. ఆ రోజు కబురు తెచ్చింది మీరే కదా. ఆలస్యమైతేనేం?"

జోబ్ చివరి బెంచీలో కూర్చుంటాడు. టాబితా వడ్డన చేస్తుంది.

పొద్దున మా ఆయన కాఫీ కప్పులోకి చూస్తూ అడిగారు. "శనివారం ఏం మాట్లాడతావు?"

"ఇంకా రాస్తున్నానండీ."

"చిన్నగా ఉంచు," అన్నారు. కప్పు బల్ల మీద పెట్టి, చాలా మెల్లగా, "నీ ఇష్టం," అన్నారు.

నా దగ్గర రెండు ప్రసంగాలున్నాయి. ఒకటి మూడు పేజీలు, అందులో అందరూ మంచివాళ్ళే. రెండోది ఒకే వాక్యం: "నేను పరిగెత్తుకుంటూ వచ్చాను, పన్నెండుకి ఇరవై నిమిషాల ముందే వచ్చాను." అది చెప్తే జోబ్‌కి మూడు నెలలు తిరిగి రావు. వాడు నమ్ముకున్న బాబుగారు కూడా పోతాడు. కేసులు పోతాయి, తెరలు పోతాయి, నా పావడాలు ఊరి నోట్లో పడతాయి. చెప్పకపోతే టాబితా నా గిన్నెలో సూప్ పోస్తుంది. పోసేటప్పుడు నా మొహంలోకి చూస్తుందో లేదో నాకు తెలీదు. చూస్తేనే భయం.

అయ్యా, అమ్మా, మీలో పెళ్ళైనవాళ్ళుంటారు, ఎప్పుడో ఒకప్పుడు ఎవరూ చూడకుండా పరిగెత్తినవాళ్ళూ ఉంటారు. ఏది చదవమంటారు? మొహమాట పడకుండా చెప్పండి. ఇవాళ గురువారం. రేపు సాయంత్రం నాలుగింటి టపా దాటితే మీ ఉత్తరం నాకు అందదు.